వెనక్కి తిరగడానికి కారణం

లోయ అడుక్కి రోజుకు అరవై మందినే దిగనిస్తారు. దరఖాస్తులు వేలల్లో వస్తాయి కాబట్టి లాటరీ తీస్తారు. నేను వరసగా మూడేళ్లు పెట్టాను. రెండేళ్లు రాలేదు. మూడో ఏడు అనుమతి కాగితం వచ్చిన పొద్దున పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడి వాసన వచ్చేదాకా నేను ఆ కాగితాన్నే చదువుతూ కూర్చున్నాను.

డిగ్రీలో నేను భూగర్భశాస్త్రం చదివాను. ఆఖరి సంవత్సరం క్లాసు మొత్తాన్ని ఆ లోయకి తీసుకెళ్లారు, నన్ను తప్ప. ఆ వారమే నా పెళ్లి. లోయ అడుగున, నది ఒడ్డున, రెండు రాళ్లు కలిసే చోటు ఒకటుంది. కింద ఉన్న నల్లరాయి వయసు నూట డెబ్బై కోట్ల ఏళ్లు. దాని నెత్తిన కూర్చున్న ఎర్ర ఇసుకరాయికి యాభై కోట్ల ఏళ్లు. మధ్యలో ఉండవలసిన నూట ఇరవై కోట్ల ఏళ్ల రాయి లేదు. అరిగి కొట్టుకుపోయింది. మిగిలింది ఒక గీత. దాని మీద అరచెయ్యి ఆనిస్తే బొటనవేలు ఒక కాలంలో, చిటికెనవేలు ఇంకో కాలంలో ఉంటాయని మా మాస్టారు చెప్పేవారు. ఆ గీతను నేను స్నేహితురాలి నోట్సు చూసి నా రికార్డులో గీశాను. ఎంత బాగా గీశానో మాస్టారు అందరికీ ఎత్తి చూపించారు. ఫస్ట్ క్లాసు వచ్చింది. చూడనిదాన్ని చూసినట్టు గీసి తెచ్చుకున్న మార్కులు అవి. ఒక్కసారి వెళ్లి ఆ గీత మీద చెయ్యి పెట్టి రావాలి. ఇరవై ఆరేళ్లుగా నాకున్న కోరిక అదొక్కటే అంటే అబద్ధం. కానీ తీరకుండా మిగిలిన వాటిలో నేను మర్చిపోనిది అదొక్కటే.

దరఖాస్తులో మొదటి గడి 'బృంద నాయకుడు'. అందులో నేను మా ఆయన పేరు రాశాను. అలవాటు కొద్దీ రాసిందే కాదు, ఆలోచించి రాసింది కూడా. ఆయనకి ప్రయాణాలు గిట్టవు. నీటి సరఫరా కార్యాలయంలో సెక్షన్ హెడ్. ఎప్పుడు ఎక్కడికి వెళ్దామన్నా సెలవు దొరకదంటారు. సెక్షన్లో నలభై మంది సెలవు చీటీల మీద సంతకం పెట్టేది ఆయనే. నా పేరు మొదట ఉంటే "నీ వెనకాల నేను తోకనా" అని ఇంట్లోనే ఉండిపోయేవారు. ఆయన పేరు పెడితే కదులుతారని లెక్క వేశాను. లెక్క తప్పలేదు. కాగితం మీద తన పేరూ, దాని పక్కన ఆ మాటా చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇంకో ఇద్దరికి చోటుంది కదా," అన్నారు. "అక్కనీ బావనీ పిలుద్దాం."

అలా వదినా, అన్నయ్యగారూ వచ్చారు. వదిన బడిలో ప్రధానోపాధ్యాయురాలు. నలుగురిలో ఎవరు తప్పు చేసినా దిద్దుతారు, తనతో సహా. అన్నయ్యగారికి మందుల దుకాణం. ఆయన నోట్లోంచి వచ్చే ప్రతి రెండో మాటా ఎవరో ఒకరికి తగులుతుంది. తగిలినవాళ్లు కూడా నవ్వాలి, లేకపోతే హాస్యం తెలియనివాళ్ల కింద లెక్క.

రైలు దిగి, బస్సెక్కి, మళ్లీ జీపులో మూడు గంటలు కూర్చుని అంచు మీది విశ్రాంతి గృహానికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి లోయ పటం, మూల సంచులు తూచే కాటా. పాతికేళ్ల గార్డు అమ్మాయి, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది, దిగబోయేవాళ్లందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్పింది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. పొద్దున ఆరింటికి దిగడం మొదలు. గుంపు విడిపోకూడదు.

"ముందుకు వెళ్లాలా, వెనక్కి తిరగాలా అన్నది నాయకుడి మాట," అంది. "నాయకుడు తిరిగితే అందరూ తిరగాలి. సగం దారిలో చెక్‌పోస్టు ఉంది. అక్కడ మా మనిషి ఉంటాడు. విడిపోవాలంటే అక్కడే, అదీ నాయకుడి సంతకంతోనే."

నాయకులందరికీ తలా ఒక కార్డూ, తాడుకి కట్టిన ఒక ఈలా ఇచ్చింది. మా ఆయన ఈల మెళ్లో వేసుకున్నారు.

"బావా, ఒకసారి ఊదు," అన్నారు అన్నయ్యగారు. "టీ వస్తుందేమో చూద్దాం."

మా ఆయన నవ్వలేదు. కార్డు చదువుకుంటున్నారు. ఇంత శ్రద్ధగా ఆయన ఏదైనా చదవడం చూసి నాకు సంతోషమేసింది. నా యుక్తి ఫలించిందనుకున్నాను.

పొద్దున్నే బయల్దేరాం. దారి కొండ ఒంటిని పట్టుకుని అటొక మెలికా ఇటొక మెలికా తిరుగుతూ దిగుతుంది. కొన్నిచోట్ల పట్టుకోవడానికి ఇనప తాడు ఉంది, కొన్నిచోట్ల ఏమీ లేదు. నాకు కాళ్లు ఎక్కడ పడుతున్నాయో ధ్యాస లేదు. పైన తెల్లటి సున్నపురాయి, దాని కింద మెట్టుమెట్టుగా విరిగే పలకరాయి, తర్వాత ఎర్రది మొదలైంది. పుస్తకంలో వేలు పెట్టి చదివిన వరస తప్పకుండా అదే వరసలో ఒక్కొక్కటీ నా భుజం పక్కన పైకి వెళ్తోంది. చదివింది నిజమేనని ఎవరో ఒక్కొక్క పేజీ తిప్పి చూపిస్తున్నట్టుంది.

మా ఆయన ముందు నడుస్తున్నారు. మొదటి అరగంటా బాగానే నడిచారు. తర్వాత ప్రతి మెలిక దగ్గరా ఆగడం మొదలుపెట్టారు.

"ఇక్కడ ఫొటో బాగుంటుంది," అనేవారు.

నిలబడేవాళ్లం. ఫొటో తీసేవారు. నాలుగో ఫొటో దగ్గర నేను ఆయన కాళ్లకేసి చూశాను. పాదం తిన్నగా వెయ్యడం లేదు, పీతలా అడ్డంగా వేస్తున్నారు. నిలబడినప్పుడు పంట్లాం గుడ్డ మోకాళ్ల దగ్గర సన్నగా వణుకుతోంది. ఆఫీసులో లిఫ్టు, ఇల్లు కింది అంతస్తు. మెట్లెక్కి దిగి ఎన్నేళ్లయిందో.

"సంచి నాకివ్వండి," అన్నాను.

"నేనేమైనా ముసలాణ్ణా?"

వదిన మాత్రం తన పద్ధతిలో ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగుతున్నారు. ఆవిడ కాళ్లకి కొత్త బూట్లు. కొత్తవంటే, ఆరేళ్ల క్రితం కొన్నవి. మంచి సందర్భం వచ్చినప్పుడు తొడుక్కోవచ్చని అట్టపెట్టెలోంచి తియ్యకుండా దాచారు. ఆ జాగ్రత్త కుటుంబం మొత్తానికీ ఉంది. మా ఇంట్లోనూ మంచి దుప్పట్లు బీరువాలో ఉంటాయి, మేము చిరుగులవి కప్పుకుంటాం. చెక్‌పోస్టు వంద అడుగుల దూరంలో కనిపిస్తుండగా వదిన కుడి బూటు అడుగు మడమ దగ్గర్నుంచి ఊడి, నాలుకలా వేలాడింది.

"వాడకపోతే జిగురు చచ్చిపోతుంది," అన్నారు అన్నయ్యగారు. "మందులకి తేదీ ఉన్నట్టే బూట్లకీ ఉంటుందే. చెప్తే విన్నావా?"

"మీరెప్పుడు చెప్పారు?"

"మనసులో అనుకున్నా."

చెక్‌పోస్టంటే నాలుగు గుంజల మీద రేకు, ఒక పొడుగాటి బల్ల, నీళ్ల డ్రమ్ము. ముసలి గార్డు ఒకడు ఉన్నాడు. వదిన కాలు తన మోకాలి మీద పెట్టుకుని బూటుని సన్నటి తాడుతో చుట్టి కట్టాడు.

"పైకెక్కడానికి పనికొస్తుందమ్మా. కిందకి మాత్రం వద్దు. అడుగు జారితే ఆపేది లేదు."

నేను రేకు అంచు దాకా వెళ్లి కిందకి చూశాను. అక్కణ్ణుంచి నది వినిపిస్తోంది. అవతలి గోడ మీద, నీటికి కొంచెం పైన, నల్లరాయి మీద ఎర్రరాయి. మధ్యలో ఆ గీత. మా వైపు గోడలోనూ అదే గీత ఉంటుంది, దారి సరిగ్గా దాని మీదుగానే దిగుతుంది. ఇంకో ముప్పావు గంట.

"సరే, పదండి పైకి," అన్నారు మా ఆయన వెనకనుంచి. అప్పటికే బల్ల మీద కూర్చుని ఉన్నారు. "అక్క నడవలేదు. గుంపు విడిపోకూడదు."

"ఇక్కడ విడిపోవచ్చట కదండీ," అన్నాను.

"నేను కూర్చుంటానురా," అన్నారు వదిన. "మీరు వెళ్లి రండి. నీడుంది, నీళ్లున్నాయి. నాకేం?"

"నేనూ కూర్చుంటా," అన్నారు అన్నయ్యగారు. "పేపరొకటి ఉంటే ఇంకా బాగుండేది."

మా ఆయన నా వైపు తిరిగారు. "అక్కణ్ణుంచి కనిపిస్తోంది కదా నీ గీత. చూశావు కదా."

"చెయ్యి పెట్టాలండీ."

"రాయి మీద చెయ్యి పెట్టడానికా ఇంత దూరం వచ్చింది? ఇంటి వెనక బట్టలుతికే బండ లేదూ?"

అన్నయ్యగారు నవ్వారు. వదిన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆయన దగ్గరికి వెళ్లి, మిగతావాళ్లకి వినపడకుండా చెప్పాను.

"మీరు రావద్దు. మీరూ కూర్చోండి. నన్నొక్కదాన్ని పంపండి. వెనకాల వేరే గుంపు వస్తోంది, వాళ్లతో దిగి వాళ్లతోనే వచ్చేస్తాను. రెండు గంటలు. ఈ ఒక్కటీ నాకోసం చెయ్యండి."

ఆయన మొహంలో ఒక క్షణం హాయి కనిపించింది. కూర్చోమంటే చాలు, ఎవరైనా కూర్చోమంటే చాలన్నంత హాయి. "ఏం చెయ్యాలి?" అని ముసలి గార్డుని అడిగారు.

"కార్డు వెనక్కి తిప్పండి సార్. అమ్మగారి పేరు రాసి సంతకం పెట్టండి. నాయకురాలు ఆవిడ అవుతారు. వెనకొచ్చే గుంపుతో నేను కలుపుతాను."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. మూత తీశారు. ఇరవై ఆరేళ్లలో ఆ చెయ్యి ఎన్ని వేల సంతకాలు పెట్టిందో. కార్డు మోకాలి మీద పెట్టుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో చూడబోయి, చదివారు. నేనూ ఆయన భుజం మీంచి చదివాను. అచ్చులో ఉంది: 'నేను ముందుకు నడవలేని స్థితిలో ఉన్నందున నాయకత్వం కింది వ్యక్తికి అప్పగిస్తున్నాను.'

పెన్ను ఆగింది.

"ఇందులో ఇంకో కారణం రాసే వీల్లేదా?" అన్నారు.

"లేదు సార్. అచ్చేసింది అంతే."

అయినా సంతకం పెట్టేవారేమో. నాకిప్పటికీ అలాగే అనిపిస్తుంది. పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది. సరిగ్గా అప్పుడు అన్నయ్యగారు వంగి ఆ వాక్యం చదివి, బల్ల చరిచారు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. ఇందాకట్నుంచీ పాపం మీ అక్క బూటు మీద పెట్టావు గానీ, ఊడింది నీ మోకాళ్లు కదూ బావా?"

మా ఆయన పెన్నుకి మూత పెట్టారు. నిదానంగా, క్లిక్కుమని వినిపించేదాకా నొక్కి, జేబులో పెట్టుకున్నారు.

"కుటుంబమన్నాక కలిసి వచ్చాం, కలిసే వెళ్తాం," అన్నారు. "అందరం పైకే."

"ఒరేయ్, పంపరా దాన్ని," అన్నారు వదిన. "ఆయన మాటలకేం. ఆయన నోటికి హద్దెప్పుడుంది?"

"అక్కా, నాయకుణ్ణి నేనా నువ్వా?"

నేను ముసలి గార్డు వైపు చూశాను. అతను ఖాళీ చేతులు చూపించాడు. సంతకం లేకుండా వదిలితే తన ఉద్యోగం పోతుంది. వెనకాల గుంపు అప్పుడే వచ్చింది. ఆరుగురు, నవ్వుకుంటూ నీళ్లు తాగి, కార్డు చూపించి, మా ముందునుంచే దిగిపోయారు. వాళ్లలో ఒకావిడ నన్ను అడిగింది, ఇంకెంత దూరమని.

"ముప్పావు గంటే," అని చెప్పాను.

ఎక్కడం మొదలుపెట్టాం. ఇరవై అడుగులకోసారి మా ఆయన ఆగి, "అక్క రావాలి కదా," అంటున్నారు. తాడు కట్టిన బూటుతో వదిన ఆయన్ని రెండో మెలిక దగ్గరే దాటేశారు. తర్వాత అన్నయ్యగారు దాటారు. నేను వెనక నడిచాను. రాళ్లు వచ్చిన వరసకి తిరుగు వరసలో కిందకి వెళ్లిపోతున్నాయి. ఎర్రది అయిపోయి పలకరాయి వచ్చేదాకా నేను తల ఎత్తలేదు. ఒకచోట ఆయన రాతిగోడని పట్టుకుని నిలబడిపోతే, ఏమీ అనకుండా చంకలో చెయ్యి వేసి ఎక్కించాను. అంచు కనపడగానే నా చెయ్యి తీసేశారు.

మేము హాల్లోకి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. వదినా అన్నయ్యగారూ కుర్చీల్లో కాళ్లు చాపుకుని ఉన్నారు. గార్డు అమ్మాయి కార్డు తీసుకుని, రిజిస్టరు మా ఆయన ముందు పెట్టింది. ఆయన నిలబడే రాశారు. రాసి, ఈల తీసి బల్ల మీద పెట్టి, గోడకి ఆనుకున్నారు.

గార్డు అమ్మాయి రాసింది చూసి, లోపలికి పరిగెత్తి, గ్లాసుతో నీళ్లూ, ఉప్పూ పంచదారా కలిసిన పొడి ప్యాకెట్టూ తెచ్చింది. పొడి కలిపి నా దగ్గరికి వచ్చింది. కుర్చీ లాగింది.

"కూర్చోండమ్మా. కళ్లు తిరుగుతున్నాయా? వాంతి అయిందా?"

"నాకా?"

"ఇక్కడ రాశారు కదా."

నేను కూర్చోలేదు. రిజిస్టరు దగ్గరికి వెళ్లాను. పేర్లు, దిగిన సమయం, ఎక్కిన సమయం. ఆఖరి గడి 'వెనక్కి తిరగడానికి కారణం'. అందులో ఆఫీసు చేతిరాతతో, ప్రతి అక్షరం విడివిడిగా: భార్య అలసట.

వదిన కూడా లేచి వచ్చి చదివారు. "అదేంట్రా? నా బూటు కదా ఊడింది. నా పేరు రాయి."

"బూటు ఊడి నలుగురు వెనక్కి వచ్చారంటే నవ్వుతారక్కా. ఏదో ఒకటి రాయాలి కదా."

"మీ పేరుకి ఎదురుగా ఒక గుర్తు పెడతానమ్మా," అంది గార్డు అమ్మాయి, నాకు నచ్చచెప్పే గొంతుతో. "ఒంట్లో బాగోక తిరిగినవాళ్లకి మూడేళ్ల దాకా మళ్లీ అనుమతి ఇవ్వరు. మీ మంచికే. ఆ తర్వాత డాక్టరు కాగితంతో పెట్టుకోవచ్చు."

"నేను అలసిపోలేదు," అన్నాను.

"నాయకుడు రాసింది నేను మార్చకూడదు. సారే కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెడితే సరిపోతుంది."

మా ఆయనకి ఆ పని కొత్త కాదు. కొట్టివేతలూ పొట్టి సంతకాలూ ఆయన రోజూ చేసేవే. నేను పెన్ను తీసి ఆయనకి అందించాను.

"మార్చండి."

"ఏం రాస్తేనేం? ఎవరు చదువుతారు ఇవన్నీ?"

"నేను చదివాను."

ఆయన పెన్ను తీసుకోలేదు. అన్నయ్యగారి వైపొకసారి చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. 'నాయకుడి మోకాళ్లు' అని రాస్తే, ఆ మాట వచ్చే ఇరవై ఏళ్లూ ప్రతి భోజనం దగ్గరా వడ్డిస్తారు అన్నయ్యగారు.

"మూడేళ్లే కదా," అన్నారు, మెల్లగా, ఓదారుస్తున్నట్టే. "ఇరవై ఆరేళ్లు ఆగినదానివి."

ఆయనకి గుర్తుందన్నమాట. ఆయనకి తెలియదనీ, తెలియకనే అంత దూరం రానిచ్చి ఆపారనీ నేను దారి పొడుగునా సర్దిచెప్పుకుంటూ ఎక్కాను. ఎన్నేళ్లో కూడా తెలుసు.

"తాగెయ్యవే, ఆ పిల్ల కలిపి తెచ్చింది," అన్నారు వదిన.

నేను గార్డు అమ్మాయి చేతిలోంచి గ్లాసు తీసుకున్నాను. రెండడుగులు వేసి గోడ దగ్గర మా ఆయన ముందు పట్టాను.

"మీరు తాగండి," అన్నాను.

అన్నయ్యగారు నోరు తెరిచి, ఏ కళనున్నారో, మూసుకుని గోడ మీది పటం చూడసాగారు. మా ఆయన అటూ ఇటూ చూశారు. వద్దంటారనుకున్నాను. రెండు చేతులతోనూ గ్లాసు పట్టుకుని, ఒక్క గుక్కలో, గడ్డం మీంచి చొక్కా మీదికి కారుతున్నా ఆపకుండా తాగేశారు. ఖాళీ గ్లాసు దించి గార్డు అమ్మాయి వైపు చూశారు.

"ఇంకో ప్యాకెట్ ఉందామ్మా?"

"రిజిస్టర్లో రాసినవాళ్లకే ఇస్తాం సార్," అంది ఆ అమ్మాయి.

ఆయన నా వైపు చూశారు. తర్వాత ఆ అమ్మాయి వైపు.

"ఆవిడకే," అన్నారు. "ఆవిడకి ఇంకోటి కావాలంట."

గార్డు అమ్మాయి నన్ను అడిగింది, తెమ్మంటారా అని.

"నాకక్కర్లేదు," అన్నాను.